మూడో నంబరు పెట్టె

నేను రిటైరైన రోజున ఆఫీసులో చిన్న సభ పెట్టి, మెడలో దండ వేసి, "ఈయన చేతి మీదుగా వెళ్లిన సరుకు ఏదీ వెనక్కి రాలేదు" అని పొగిడారు. మాట నిజమే. అయితే ఒకసారి రాబోయి ఆగింది. అది ఎలా ఆగిందో ఆ సభలో ఒకరిద్దరికి తెలుసు, మర్యాదకి నోరు మెదపలేదు. ఎగుమతి కాగితాల పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి మీ రోజుల్లో ఎలా ఉండేదండీ అని అడుగుతుంటారు. ఏదో ఒకటి చెప్పి, కాఫీ ఇచ్చి పంపేస్తుంటాను. ఈ సంగతి మాత్రం వాళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఎదురుగా కూర్చుని చెప్పడానికి మొహం చెల్లక ఇప్పుడు రాస్తున్నాను.

విశాఖపట్నం రేవులో ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర డాక్ గుమాస్తాగా పనిచేశాను. పేరు గొప్పగా ఉంటుంది గానీ పని ఇంతే: ఎవరైనా విదేశానికి సరుకు పంపాలంటే దాని కాగితాలు సిద్ధం చేయడం, కస్టమ్స్ వాళ్లకి చూపించి ముద్ర వేయించడం, పెట్టెలు ఓడెక్కేదాకా పక్కన నిలబడటం. మాది పద్మనాభం దగ్గర పల్లె, వ్యవసాయ కుటుంబం. మొదటి నాలుగేళ్లు రోజూ బస్సులో వచ్చి వెళ్లేవాణ్ణి. పొలం పని తప్పించుకోవడానికి పట్నం వచ్చానని మా నాన్న అనేవాడు. రేవులో ఎండ మా పొలంలో ఎండకంటే తక్కువేమీ కాదని ఆయనకి తెలీదు.

నాకో అలవాటు ఉండేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చూస్తుండగానే క్రేను తాడు జారి ఒక పెట్టె రేవు గట్టుకీ ఓడకీ మధ్య నీళ్లలో పడింది. నా తప్పేమీ లేదు, అయినా ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. మర్నాడు మా పెద్ద గుమాస్తా నన్ను పిలిచి, వక్కపొడి డబ్బాలో కాసిన్ని అక్షింతలు పోసి చేతికిచ్చాడు. పెట్టె మూత వేసే ముందు రెండు గింజలు వేస్తే అది క్షేమంగా చేరుతుందట. అప్పటినుంచి ఆ డబ్బా నా జేబులోనే ఉండేది. పసుపు తడికి అక్షింతలు పాడైతే ఇంట్లో కొత్తవి కలిపించుకునేవాణ్ణి. పెట్టెలెత్తే కలాసీలు నవ్వేవారు. నవ్వుతూనే, నేను వేసేదాకా మూతకి మేకు కొట్టేవారు కాదు.

ఎనభైల మొదట్లో, ఇటు స్టీల్ ప్లాంటు ఇంకా కడుతుండగానే, మా ఆఫీసుకి ఒకాయన వచ్చాడు. గోదావరి జిల్లా నుంచి ఇరవై ఏళ్ల కిందట వచ్చి కంచరపాలెంలో లేతు వర్క్‌షాపు పెట్టుకున్నవాడు. రేవులోకి వచ్చిన ఓడల్లో ఏదైనా విరిగితే కొత్తది చేసిచ్చేవాడు. నలభై అయిదేళ్ల మనిషి, మాట తక్కువ, గోళ్లలో ఎప్పుడూ నల్లటి గ్రీజు. ఒకప్పుడు ఒక విదేశీ ఓడలో పంపు షాఫ్టు విరిగితే రెండు రోజుల్లో చేసిచ్చాడట. ఆ ఓడ చీఫ్ ఇంజనీరు రిటైరై, వాళ్ల దేశంలో చేపల పడవలు ఆగే ఒక చిన్న ఊళ్లో స్థిరపడి, ఇతన్ని మరిచిపోకుండా ఉత్తరం రాశాడు. ఇక్కడ పడవలు బాగుచేసే మనిషి లేడు, షెడ్డు నాది, మిషన్లు నీవి, ఇద్దరం కలిసి నడుపుదాం రమ్మని.

ఆ దేశం పేరు చెప్పను. ఇప్పుడక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారు, రెండు రోజుల్లో ఆయన్ని వెతికి పట్టుకుంటారు.

అసలు విషయం ఆ దేశపు నిబంధనలో ఉంది. తమ గడ్డ మీద పెట్టుబడి పెట్టి, వ్యాపారం తెరిచి, అక్కడివాళ్లకి ఇద్దరికి పని చూపిస్తే ముందు ఏడాదికి అనుమతి ఇచ్చేవారు. ఆ ఏడాది లోపల షాపు నిజంగా నడుస్తోందని తేలితే శాశ్వత నివాసం, భార్యాపిల్లలతో సహా. తేలకపోతే టికెట్టు కొనుక్కుని ఇంటికి రావడమే. మన వైపు చిక్కు వేరు. ఆ రోజుల్లో ఇక్కడినుంచి రొక్కం బయటికి పట్టుకెళ్లనిచ్చేవారు కాదు. మన దేశంలో తయారైన కొత్త యంత్రాలైతే పెట్టుబడి కింద పంపుకోవచ్చు, దానికీ ఢిల్లీ అనుమతి కావాలి. ఆ అనుమతికే ఏడాదిన్నర పట్టింది. రాగానే ఆయన వర్క్‌షాపు స్థలంతో సహా అమ్మేసి, రెండు లేతులు, ఒక డ్రిల్లింగు మిషను, ఒక షేపరు కొత్తవి కొన్నాడు. అంటే ఆయనకి ఈ లోకంలో ఉన్నదంతా ఆ నాలుగు మిషన్లే. అవి అక్కడికి చేరితే ఓ దేశం, చేరకపోతే ఏ దేశమూ లేనట్టే.

ఫైలు నా చేతికొచ్చింది. అందులో ఆ దేశం వాళ్ల కాగితం ఒకటి నన్ను భయపెట్టింది. పెట్టెల్లో గడ్డి, ఊక, గింజ, ఆకు, మట్టి ఏ రూపంలోనూ లేవని సరుకు సర్దించినవాడు సంతకం చేయాలి. వాళ్లకి పంటలకి తెగుళ్లు వస్తాయని మహా భయం. మన దగ్గర అప్పట్లో యంత్రాలన్నీ వరిగడ్డిలోనే సర్దేవారు. మా ఊరినుంచే బండ్లకొద్దీ గడ్డి రేవుకి వచ్చేది. అలవాటు ప్రకారం ఆ రోజూ ఓ బండి వర్క్‌షాపు ముందు ఆగింది. నేను దాన్ని గుమ్మం దాటనివ్వలేదు. బండివాడు మాకు దూరపు చుట్టం, నా మీద అలిగి మా నాన్నకి చాడీ చెప్పాడు. గడ్డికి బదులు పాత టార్పాలిన్లు, రబ్బరు ముక్కలు వాడించాను. పెట్టెల చెక్కకి బెరడు లేకుండా చిత్రిక పట్టించాను. నా జాగ్రత్త చూసి నాకే ముచ్చటేసింది.

మిషన్లు పెట్టెల్లోకి ఎక్కించే రోజున పూజ పెట్టుకున్నారు. భార్యాభర్తలు పీటల మీద కూర్చున్నారు, ఇద్దరాడపిల్లలు పరికిణీల్లో పక్కన నిలబడ్డారు. పూజ అయ్యాక అందరూ మిషన్ల మీద అక్షింతలు వేశారు. ఆవిడ చిటికెడు కాదు, దోసిళ్లతో వేసింది. నేను ఊరుకుంటానా? కలాసీలను పిలిచి, గాలి కంప్రెసరు పెట్టించి, మిషన్ల సందుసందునా ఊదించాను. గింజలన్నీ గోడలకి తగిలి టపటపా రాలాయి. పురోహితుడు నన్నో పాపిష్ఠివాణ్ణి చూసినట్టు చూశాడు.

ఆవిడ నెమ్మదిగా అడిగింది: "అన్నీ ఊదేశారు కదండీ అన్నయ్యగారూ, ఒక్క గింజైనా ఉండకూడదా?"

అందరూ వింటుండగా కాస్త గట్టిగానే చెప్పాను: "ఒక్కటి మిగిలినా మీ ఆయన కొంప మునుగుతుందమ్మా."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకి జరిగింది. నేను కాగితం మీద సంతకం చేశాను.

తర్వాత చేసిన పని ఎలా చేశానో ఈనాటికీ నాకు సరిగ్గా తెలీదు. నాలుగు పెట్టెలూ సిద్ధమయ్యాయి. ఒకటికి మూత వేశారు, రెండోదానికీ వేశారు. మూడోదాంట్లో పెద్ద లేతు ఉంది. మేకులు కొట్టే మనిషి సుత్తి పట్టుకుని, రోజూలాగే నా వైపు చూసి ఆగాడు. నా చెయ్యి జేబులోకి వెళ్లింది. డబ్బా తీశాను. నిబంధన బుర్రలో ఉంది, సంతకం తడి కూడా ఆరలేదు. అయినా మొదటి రెండు పెట్టెలకి వేయకుండా ఊరుకున్నందుకే లోపల ఒకటే దడగా ఉంది. ఇది పెద్ద మిషను, తాడు తెగితే? లేతులో చెక్కే ఇనుప ముక్కని బిగించి ఉంచే గుండ్రటి పట్టు ఉంటుంది, చక్ అంటారు. దాని లోపలికి నాలుగు గింజలు జారవిడిచాను. ఎవరికీ కనబడవు, ఎవరూ అక్కడ వెతకరనుకున్నాను. మూత పడింది.

ఓడ వెళ్లింది. ఆయన విమానంలో ముందే వెళ్లిపోయాడు. ఇక్కడ ఆవిడ సీతమ్మధారలో రెండు గదుల అద్దె ఇంట్లో పిల్లలతో ఉండిపోయింది. షాపు తెరిచాక వాళ్లు వెళ్లాలి. పిల్లల టీసీలు బడినుంచి తీసేసుకున్నారు. బీరువా, మంచాలు అమ్మేశారు. ఇంట్లో రెండు ట్రంకులు, వంటగిన్నెలు, మూడు చాపలు మిగిలాయి.

ఏడు వారాలకి, ఒక సోమవారం ఉదయం, మా ఆఫీసు టెలెక్స్ మిషను మీద ఆ దేశపు రేవు వాళ్ల మాట దిగింది. మూడో నంబరు పెట్టెలో పసుపు రంగు బియ్యపు గింజలు దొరికాయి. నాలుగు పెట్టెలూ ఆపేశాం. పది రోజుల్లో సంతకం చేసినవాడు సంజాయిషీ పంపాలి. లేకపోతే సరుకు పంపినవారి ఖర్చుతో వెనక్కి పంపుతాం. తప్పుడు ధ్రువీకరణ అని తేలితే దరఖాస్తుదారు నివాసపు ఫైలులో నమోదవుతుంది. ఇదీ సారాంశం. ఆ చివరి ముక్క అర్థం మా అందరికీ తెలుసు. అబద్ధపు కాగితం ఇచ్చినవాడికి ఆ దేశం శాశ్వత నివాసం ఇవ్వదు.

టెలెక్స్ కాగితం పట్టుకుని మా యజమాని గదిలోకి వెళ్లాను. ఆయన కృష్ణా జిల్లా మనిషి, మంచివాడే, కోపం వస్తే గొంతు తగ్గిస్తాడు. ఆ రోజు బాగా తగ్గించాడు. గింజ ఎలా వచ్చిందని అడిగాడు. పూజలో అందరూ వేశారండీ, ఊదించాను, ఎక్కడో మిగిలిపోయి ఉంటుంది అన్నాను. మాట తడబడకుండా వచ్చింది. నేనంత బాగా అబద్ధం ఆడగలనని అప్పటిదాకా నాకే తెలీదు.

సాయంత్రం సీతమ్మధార వెళ్లి ఆవిడకి చెప్పాను. చెప్పక తప్పదు, ఆ ఇంట్లో ఫోను లేదు. ఆవిడ విన్నది. కాసేపు గోడకేసి చూసి, "నా చేతి గింజే అన్నయ్యగారూ, మీరు చెబుతూనే ఉన్నారు" అంది. నేను కాదనలేదు. చూద్దాంలెండమ్మా, ఏదో ఒక దారి దొరుకుతుంది అన్నాను. ఓదార్పులా ఉంది కదూ. ఇప్పుడు రాస్తుంటే నాకే ఒళ్లు మండుతోంది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం వెళ్లేవాణ్ణి. ఎందుకు వెళ్లేవాణ్ణో చెప్పడం కష్టం. కొత్త కబురేమీ ఉండేది కాదు. ఆవిడ కాఫీ ఇచ్చేది, తాగేవాణ్ణి. పెద్దమ్మాయి ఒకరోజు నాతో మెల్లిగా అమ్మ అన్నం తినడం లేదని చెప్పింది. ఇంకోరోజు వెళ్లేసరికి ఆవిడ బియ్యం చేటలో పోసి ఏరుతోంది, నన్ను చూసి చేట పక్కకి నెట్టేసింది. భర్త రాసిన ఉత్తరం చూపించింది. షెడ్డులో పడుకుంటున్నానని, ముసలాయన మంచివాడని, మిషన్లు రాగానే పని మొదలని, దిగులు పడొద్దని రాశాడు. పెట్టెల సంగతి తెలియకముందు రాసిన ఉత్తరం అది. ఆవిడ దాన్ని నాలుగైదుసార్లు నా చేత చదివించుకుంది, ఆవిడకి చదవడం రాక కాదు.

మా కలాసీల మేస్త్రి మా పక్క ఊరివాడే. నన్ను బావా అని పిలిచేవాడు. పెద్దగా చదువుకోలేదు గానీ రేవులో అతని కన్ను తప్పించుకుని ఒక తాడు ముక్క కూడా పోయేది కాదు. ఆరో రోజో ఏడో రోజో మధ్యాహ్నం గోడౌను నీడలో క్యారేజీ విప్పుకుని కూర్చున్నాం. అతను చేపల పులుసు నా వైపు జరుపుతూ, నా మొహం చూడకుండా అన్నాడు:

"బావా, నాను సూసేను. మూడో పెట్టెకి మూతేసే ముందు సెయ్యెట్టేవు."

"ఎవలికైనా సెప్పేవా?" అని అడిగాను.

"నానెందుకు సెప్తాను. నీ కడుపు మీద కొడతానేటి?" అని, మళ్లీ "ఆ యమ్మకి సెప్పేవా?" అన్నాడు.

లేదన్నాను. మేస్త్రి క్యారేజీ కడిగి, తలకి తువ్వాలు చుట్టుకుని పనిలోకి వెళ్లిపోయాడు. తిడితే బాగుండుననిపించింది.

నేను దేనికి భయపడ్డానో దాచడం ఎందుకు? నిజం రాస్తే ఉద్యోగం పోతుంది. నాకు ముగ్గురు పిల్లలు, తమ్ముడి చదువు, మా నాన్నకి పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నాడు. అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. పదిహేనేళ్లుగా రేవులో అందరూ నన్ను జాగ్రత్తకి మారుపేరుగా చెప్పుకునేవారు. కొత్తవాళ్లు తప్పు చేస్తే నన్ను చూసి నేర్చుకోమనేవారు. ఆ పేరు పోగొట్టుకోవడం ఉద్యోగం పోవడంకంటే కష్టంగా తోచింది. మనిషికి పొగరు ఎక్కడెక్కడ దూరి కూర్చుంటుందో చూడండి.

తొమ్మిదో రోజు ఉదయం యజమాని నన్ను పిలిచి టైపు చేసిన కాగితం చేతిలో పెట్టాడు. పూజ సందర్భంగా మా కుటుంబంవాళ్లమే ఏజెంటుకి తెలియకుండా గింజలు వేశామని, ఏజెంటు తప్పు లేదని అందులో ఉంది. కింద ఆవిడ సంతకానికి చోటు. మధ్యాహ్నంలోగా సంతకం పెట్టించి తెమ్మన్నాడు, సాయంత్రం టెలెక్స్ వెళ్లాలి.

"ఆయన ఫైలు ఏమవుతుందండీ?" అని అడిగాను.

"మన ఫైలు సంగతి చూడు ముందు. ఆవిడ తనే వేశానని ఒప్పుకుంటోందిగా" అన్నాడు, అదే తగ్గు గొంతుతో.

సైకిలు మీద సీతమ్మధార వెళ్లాను. దారి పొడుగునా నాతో నేను వాదించుకున్నాను. ఆవిడ నిజంగానే వేసింది కదా, దోసిళ్లతో వేసింది కదా, నేను ఊదించకపోతే అవీ వెళ్లేవే కదా. ఎంత గొప్ప వాదన! కోర్టులో అయితే గెలిచేవాణ్ణేమో.

ఆవిడ కాగితం తీసుకుంది. ఇంగ్లీషులో ఉంది, ఆవిడకి అంతగా రాదు. చదివి చెప్పమని అడగలేదు. పెద్దమ్మాయిని పిలిచి కలం తెమ్మంది. నేల మీద కూర్చుని, ట్రంకు మీద కాగితం పరిచి, సంతకం పెట్టబోతూ ఆగి నా వైపు చూసింది.

"ఇది పంపితే ఆయనకి మంచి జరుగుతుందా అన్నయ్యగారూ?"

అవును అన్న ఒక్క మాట చాలు. అది నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ మొహంలో తొమ్మిది రోజుల్లో ఎముకలు బయటపడ్డాయి, కళ్ల కింద నల్లగా అయింది. నా వైపు అంత నమ్మకంతో చూస్తున్న మనిషిని నేను అంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. కాగితం ఆవిడ చేతికింద నుంచి లాగేసుకున్నాను.

"జరగదమ్మా. మీ ఆయన మీదే తప్పు పడుతుంది. ఆ గింజలు మీవి కావు. నేను వేశాను."

ఆవిడకి ముందు అర్థం కాలేదు. నేను మొత్తం చెప్పాను, డబ్బా, నీళ్లలో పడ్డ పెట్టె, చక్, అన్నీ. ఆవిడ అంతా అయ్యాక అడిగింది:

"ఎప్పటినుంచి తెలుసండీ మీకు?"

"టెలెక్స్ వచ్చిన రోజునుంచే తెలుసు."

ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది, పెదాలు కదుపుతూ. తర్వాత కలం మూత పెట్టి నా చేతికిచ్చింది. "వెళ్లి మీది రాయండి" అంది. అంతే. లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. పెద్దమ్మాయి నన్ను గేటు దాకా సాగనంపింది, ఏం జరిగిందో తెలియక.

తిన్నగా ఆఫీసుకి వెళ్లి నా చేత్తో రాశాను. గడ్డీ గింజా వద్దన్న నిబంధన నాకు తెలుసునని, సంతకం చేశాక నేనే వేశానని, దరఖాస్తుదారుకీ అతని కుటుంబానికీ ఆ సంగతి తెలియదని, పైగా వాళ్ల గింజలన్నీ నేనే ఊదించానని. ఒక యంత్రంలో బియ్యం ఎందుకు వేశావయ్యా అంటే ఏం రాయాలి? చాలాసేపు ఆలోచించి, తాడు తెగి సముద్రంలో పడుతుందన్న భయంతో వేశాను అని రాశాను. మా టైపిస్టు, నెమ్మదైన మనిషి, ఒక్క ప్రశ్న అడగకుండా టైపు చేసి, కార్బన్ కాపీ విడిగా తీసి నా జేబులో పెట్టింది.

సాక్షి సంతకం ఉంటే మేలు. రేవుకి వెళ్లి మేస్త్రిని అడిగాను. కంపెనీతో గొడవైతే అతనికీ పని పోతుంది, అదీ చెప్పాను. అతను తువ్వాలుతో చేతులు తుడుచుకుని, కాగితాన్ని సిమెంటు బస్తా మీద పెట్టి, ఒక్కో అక్షరం చెక్కినట్టు పేరు రాశాడు. "ఇప్పుడు బావున్నావు బావా" అన్నాడు.

యజమాని ఆ కాగితం మా టెలెక్స్ మీద పంపడని నాకు తెలుసు. పెద్ద తంతి ఆఫీసుకి పోయి విదేశీ కౌంటర్లో నేనే పంపించి, తిరిగొచ్చి కాపీ ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. రేవులోకి వెళ్లే పాసు మాత్రం అక్కడికక్కడే వెనక్కి తీసుకున్నాడు. మూడేళ్లపాటు కిటికీ లేని గదిలో పాత ఫైళ్లు సర్దుతూ కూర్చున్నాను. కొత్తగా వచ్చినవాళ్లని ఇక నా దగ్గర నేర్చుకోమని ఎవరూ పంపలేదు. మొదట్లో చచ్చేంత అవమానంగా ఉండేది, తర్వాత అలవాటైంది. మేస్త్రి జోలికి మాత్రం ఎవరూ పోలేదు. అతను లేకపోతే పెట్టె లేవదని యజమానికి తెలుసు.

మూడు వారాలకి కబురొచ్చింది. పెట్టెలన్నీ విప్పి, మందు పొగ పట్టించి, అపరాధ రుసుము కట్టించుకుని వదిలేశారు. ఆయన తర్వాత రాసిన ఉత్తరంలో విచారణ సంగతి కాస్త ఉంది. ఆఫీసరు నా కాగితం ముందు పెట్టుకుని, ఇది రాసినతను నీకు చుట్టమా అని అడిగాడట. కాదన్నాడట. ఇందువల్ల అతనికి ఏమవుతుంది అని అడిగితే, ఉద్యోగం పోవచ్చు అన్నాడట. ఆ ఆఫీసరు ఇంకేమీ అడగకుండా ఫైలు మూసేశాడట. షాపు తెరిచారు. అక్కడి కుర్రాళ్లిద్దరు పనిలో చేరారు. ఏడాది నిండేసరికి ఆయనకీ, కుటుంబానికీ శాశ్వత నివాసపు కాగితాలు వచ్చేశాయి.

ఆవిడా పిల్లలూ అంతకు ముందే, షాపు తెరవగానే వెళ్లిపోయారు. వెళ్లే ముందు కాగితాల కోసం ఒకసారి ఆఫీసుకి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. ఏ కాగితం దేనికో వివరంగా చెప్పాను, ఆవిడ శ్రద్ధగా విని తలూపింది. వస్తానండీ అంది. అన్నయ్యగారూ అనలేదు. పిల్లలిద్దరూ నాకు నమస్కారం పెట్టారు.

మనం చేసిన తప్పుని కాగితం మీద ఒప్పుకుంటే కాగితం బాగుపడుతుంది. నేను ఆ పదో రోజు గడువు లోపల బాగుచేసిందంతా అదే. ఈ పనిలోకి వచ్చిన పిల్లలకి సంతకం గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, మీ పైవాళ్లు రోజూ చెబుతూనే ఉంటారు. తప్పు మీదని తెలిసిన రోజున, ఆ తప్పు తనదనుకుని ఎవరైనా కుమిలిపోతున్నారేమో చూసుకోండి. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి. ఆఫీసుకి తర్వాతైనా వెళ్లొచ్చు.

ఆయన ఏటా ఒక ఉత్తరం రాసేవాడు. షాపు పెద్దదైంది, ముసలాయన పోయాడు, పెద్దమ్మాయి పెళ్లైంది, ఇలా. చివర్లో పిల్లలు నమస్కారాలు చెప్పమన్నారని ఉండేది. ఆవిడ మాట ఎప్పుడూ ఉండేది కాదు. నేనూ జవాబులో ఆవిడని అడిగానని రాయడానికి సందేహించేవాణ్ణి.

నేను రిటైరైన ఏడాది ఆయన ఫోను చేశాడు. చాలాసేపు మాట్లాడుకున్నాం. మేస్త్రి బాగున్నాడా అని అడిగాడు. చివర్లో, ఉండండి, ఇదిగో మాట్లాడుతుంది అని ఫోను ఆవిడకిచ్చాడు. బాగున్నారా అంటే బాగున్నారా అనుకున్నాం. ఇంట్లో అందరి క్షేమాలూ అయ్యాయి. ఇంక ఫోను పెట్టేస్తుందేమోనని భయమేసి, ఇన్నేళ్లుగా అడగాలనుకున్నది అడిగేశాను.

"నా మీద కోపం పోయిందామ్మా?"

అక్కడ ఎవరో పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు వినబడింది.

"కోపం ఎప్పుడో పోయిందండీ" అంది. "ఆ తొమ్మిది రోజులే పోలేదు."